పెద్ద మాస్టారి జలుబు

అది 1984. మార్గశిరం మంచు ఇంకా వీడలేదు. అద్దంకి పక్కనున్న ఆ పల్లెలో బాలసరస్వతి ఆ ఉదయానికి చిన్న ఏర్పాటే చేసుకుంది. భర్త రాధాకృష్ణమూర్తి తొలి బస్సుకు గుంటూరు వెళ్ళాడు. మామగారు జానకిరామయ్యకు నాలుగు రోజులుగా జలుబు. ముక్కు బిగుసుకుపోయింది, చెవులు దిమ్మెక్కాయి, ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియడం లేదు. ఊరి హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైన ఆయనకు చప్పిడి పథ్యమంటే తప్పుల తడక వ్యాసం చదివినంత చిరాకు. అందుకని ఆవిరి పట్టించి, శొంఠి కషాయం తాగించి, పదింటికల్లా వేడి అన్నంలో కరివేపాకు కారం, మిరియాల చారు పెట్టాలని ఆవిడ నిశ్చయించుకుంది.

ఆవిరి అయింది, కషాయం అయింది. చెమట పట్టేదాకా కదలొద్దని చెప్పి, వీధిగదిలో చాప మీద పడుకోబెట్టి, ఉతికిన తెల్ల దుప్పటి తల నుంచి పాదాల దాకా కప్పింది. తలుపు దగ్గరగా వేసి వంటింట్లోకి వచ్చి, ఇనప మూకుట్లో ఎండుమిరపకాయలు, మిరియాలు, ధనియాలు వేయించడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే రెండో పొయ్యి మీద రాత్రి మిగిలిన పాలు పొంగాయి. వాటిని దించి ఇటు తిరిగేసరికి మిరపకాయలు బొగ్గులయ్యాయి. ఘాటు గొంతులో గుచ్చుకుంది. మూకుడు దించేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధి అరుగు మీదికి వచ్చి కూలబడింది. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి.

పాలు పోసే చెంచయ్య సైకిలు ఆపాడు.

"పెద్ద మాస్టారికి ఎలా ఉందమ్మా?"

పడుకున్నారని చెబుదామంటే మాట పెగల్లేదు. కిటికీ వైపు చెయ్యి చూపించి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ కొంగులో మొహం దాచుకుంది. చెంచయ్య కిటికీలోంచి చూశాడు. నేల మీద చాప, చాప మీద తెల్ల దుప్పటి, దుప్పటి కింద కదలిక లేని మనిషి. తలకు చుట్టుకున్న తువాలు తీసి భుజాన వేసుకున్నాడు. పాలు పోయకుండానే సైకిలు తిప్పాడు. పాపం, ఘాటుకి పారిపోయాడనుకుంది బాలసరస్వతి.

కాసేపటికి ఎదురింటి రాఘవమ్మ వచ్చింది. గడప దాటగానే ఆమె కళ్ళూ ధారలు కట్టాయి. ఘాటు వీధిదాకా పాకి ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టినట్టుందని బాలసరస్వతి సిగ్గుపడిపోయింది. అప్పటికి కాస్త గొంతు వచ్చింది.

"అంతా ఒక్క నిమిషంలో అయిపోయింది పిన్నిగారూ. పక్కనే ఉండి కూడా చూసుకోలేకపోయాను. తప్పు నాదే."

"మన చేతుల్లో ఏముందమ్మా," అంది రాఘవమ్మ ఆవిణ్ణి గుండెకు హత్తుకుని. "ఏ బాధా లేకుండానే అయిపోయిందా?"

పోయినవి గుప్పెడు మిరపకాయలు. వాటి బాధ గురించి ఎవరైనా అడుగుతారని బాలసరస్వతి ఎన్నడూ అనుకోలేదు. అయినా ఇంత జాలిగుండె పొరుగున ఉన్నందుకు సంతోషించి, మళ్ళీ వేయిస్తానని ధైర్యం చెప్పింది. కోడలికి దుఃఖంతో మతి చలించిందని రాఘవమ్మ బయటికి వెళ్ళి నలుగురికీ చెప్పింది.

అరగంటలో అరుగు నిండింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గడపలో అడుగుపెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి వచ్చి నిలబడుతున్నారు. మాస్టారి మీద ఊరికి ఇంత ప్రేమ ఉందని ఎవరికీ తెలియదు, ఆ ఏడ్చేవాళ్ళకి కూడా. అటు బళ్ళో పొడుగు గంట మోగింది. ఒకప్పుడు మాస్టారి శిష్యుడే అయిన హెడ్మాస్టరు జయరావు పిల్లలకు సెలవిచ్చి చామంతి దండతో వచ్చాడు. ఆ దండ చూశాక గానీ బాలసరస్వతికి విషయం అర్థం కాలేదు. అయ్యో, ఆయన నిద్రపోతున్నారని చెప్పబోతూ నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే జనం పక్కకు తప్పుకుని యలమందయ్యకు దారి ఇచ్చారు.

ఇరవై ఎకరాల మిరపతోట రైతు యలమందయ్య ఆ ఇంటి గడప తొక్కి ఏడేళ్ళయింది. అంతకుముందు ఇద్దరూ రోజూ సాయంత్రం ఒకే బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నవాళ్ళే. యలమందయ్య కొడుకుని మాస్టారు తెలుగులో తప్పించారు. అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు. పండక్కి అరిసెలు పంపినా తిరిగొచ్చేవి. మామగారు ఆ ఖాళీ బల్ల వంక చూసి మొహం తిప్పుకోవడం బాలసరస్వతి ఎన్నిసార్లు చూసిందో. ఆవిడ తెరిచిన నోరు మూసేసింది. జయరావు ఏదో అడగబోతే వేలితో ఆపింది.

యలమందయ్య వీధిగది తలుపు తోసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మాస్టారూ, నాదే తప్పండి," అన్నాడు గట్టిగా. మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. "మావాడి పేపరు నేను ఆనాడే చూశాను. దానికి పది మార్కులెయ్యటం కూడా ఎక్కువే. తెలిసి కూడా ఏడేళ్ళు మొహం చాటేశాను."

దుప్పటి కిందనుంచి, ఆవిరికి వదులైన గొంతు ఒకటి స్పష్టంగా పలికింది.

"పది కాదు యలమందా, ఎనిమిది."

దుప్పటి లేచి కూర్చుంది. రాఘవమ్మ అరుగు ఎప్పుడు దిగిందో ఆవిడకే తెలియదు. జయరావు చేతిలో దండ కింద పడింది. చెమటతో తడిసి ముద్దయిన జానకిరామయ్య గుండెల నిండా గాలి పీల్చి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మొహం విప్పార్చుకున్నారు.

"అమ్మాయీ, ఏదో మాడినట్టుందే."

"బతికే ఉన్నారా?" అన్నాడు యలమందయ్య.

"ఉన్నాను. నువ్వు చెప్పేది పూర్తి చెయ్యి. లోపలికి రా, చలి."

యలమందయ్య కండువాతో కళ్ళు తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు అరుగు దాకా పాకింది. విషయం విన్న జానకిరామయ్య కింద పడ్డ చామంతి దండ తీయించి, తన చేతులతో యలమందయ్య మెడలో వేశారు. బాలసరస్వతి కిటికీలన్నీ తెరిచి, పాలు పొయ్యి మీద లేవని రెండుసార్లు చూసుకుని, రెండో వాయి వేయించింది. మిత్రులిద్దరూ పక్కపక్కన కూర్చుని, కరివేపాకు కారంలో నువ్వులనూనె పోసుకుని, ముక్కులు ఎగబీల్చుకుంటూ మూడుసార్లు వడ్డించుకున్నారు. చెంచయ్య ఆ పూట పాలు రెట్టింపు పోసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం బడి రిజిస్టరు ముందు చాలాసేపు కూర్చున్న జయరావు, సెలవుకు కారణం రాయవలసిన గడిలో చివరికి 'కారం' అని రాసి సంతకం పెట్టాడు.