మావారు అచ్చువేసిన లేబుల్

నలభై ఏళ్లు అచ్చుయంత్రం ముందు నిలబడిన మావారికి, పాత మిత్రుల విందుకు నల్లని జుట్టుతో వెళ్లాలన్న కోరిక పుట్టింది. అడ్డల్లా మా కోడలు. ఆమె సౌందర్య సాధనాలను పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగి. లేబుల్ లేని సీసా మా గడప దాటలేదు.

మావారు బజారులో అటువంటి జుట్టు రంగు సీసానే కొని, పాత ప్రెస్సుకు వెళ్లి, స్వయంగా ఒక లేబుల్ అచ్చువేసి అతికించారు. బంగారు అంచు, పచ్చని ఆకు, కింద ‘క్యాన్సర్ కారకాలు లేవని పరీక్షలో తేలినది’.

“ఎవరు పరీక్షించారండీ?” అన్నాను.

“అచ్చులో ఉన్నదాని మీద కూడా అనుమానమేనా?”

“పెళ్లికి ముందు పంపిన ఫొటోలో మీరు పొడుగ్గానే ఉన్నారు.”

కోడలు వచ్చి సీసాను ఒక్కసారి తిప్పి చూసింది. కాన్వెంటులో మా గోళ్లు తనిఖీ చేసిన మదర్ తరువాత అంతటి చూపు నేను మళ్లీ చూడలేదు.

“మావయ్యగారూ, ఈ కంపెనీ ఒక్క లేబులే వేయించిందా?”

అడుగున, చీమ తలంత అక్షరాలలో, ‘ప్రతులు: 1’. ఏది అచ్చువేసినా ప్రతుల సంఖ్య వేయనిదే మావారికి అన్నం సహించదు!

“ఒక్కసారి రాసుకుంటే చచ్చిపోతానా అమ్మా?”

“ఒక్కసారితో ఆపేదెవరు? నెలనెలా మాడుకు పట్టిస్తారు.”

సీసాను తన ప్రయోగశాలకు పట్టుకెళ్లింది. మూడవ నాడు ఫలితం వచ్చింది. నిషేధించిన క్యాన్సర్ కారక రసాయనం అందులో ఉంది. కంటికి కనబడని, ముక్కుకు తెలియని విషాన్ని పేరు పెట్టి బయటికి రప్పించిన ఆ పిల్లను చూసి నా ఒళ్లు గగుర్పొడిచింది.

“ఆ కొట్టువాణ్ణి వదలకూడదు,” అన్నాను.

“వదలం అత్తయ్యా. కానీ కొన్నవాళ్లే ఫిర్యాదు రాయాలి.”

“నేనా? నలుగురికీ తెలిసిపోదూ!” అన్నారు మావారు.

“తెలియాలనే!” అన్నాను.

ఫారంలో ‘ఎందుకు కొన్నారు?’ అన్న గడి దగ్గర కలం ఆగింది.

“‘ఇంటి అవసరానికి’ అని రాయనా?”

“ఇంటికి జుట్టు లేదండీ.”

చివరకు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: ‘పాత మిత్రుల ముందు పడుచువాడిలా కనబడుటకు.’

మరునాడు అధికారులు కొట్టులోని సరుకంతా జప్తు చేశారు. నిబంధన ప్రకారం ఫిర్యాదును వీధిలో బిగ్గరగా చదివారు. మావారు నేల చూపులు చూశారు. అదే రంగు కోసం వరుసలో నిలబడిన ముగ్గురు పెద్దమనుషులు టోపీలు కిందికి లాక్కున్నారు. ముగ్గురూ మావారి పాత మిత్రులే!

తరువాత ఒకరి వెనుక ఒకరుగా వచ్చి, ఆ వాక్యం కిందనే సంతకాలు పెట్టారు.