గురువారమే బయల్దేరిన గ్రైండర్

శనివారం ఉదయం తొమ్మిదింటికి బయల్దేరాలి. పన్నెండు కాకముందే సముద్రం ఒడ్డున క్యాంప్‌గ్రౌండ్‌లో, ట్రక్కు వెనక తగిలించుకెళ్లే బస ట్రెయిలర్ నిలపాలి. నీడలో కుర్చీ వేసుకుని పెరుగన్నం తినాలి. ఆదిశేషు ప్లాను ఇంతే. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు గాని, తప్పు పట్టడమే ఆయన వృత్తి. న్యూజెర్సీలో ఒక బాయిలర్ల ఫ్యాక్టరీలో వెల్డింగులు పరీక్షించే ఇంజనీరు ఆయన. పదిమందీ బాగుందన్న అతుకును అనుమానించినందుకే జీతమిచ్చేవారు. ఆ గుణాన్ని సాయంత్రం ఐదింటికి ఫ్యాక్టరీలోనే వదిలి రావడం మాత్రం ఆయనకు చేతకాలేదు.

అది 1986 వేసవి. ఐసెలిన్‌లో ఆయన ఇంటి ముందు 1956 మోడల్ పికప్ ట్రక్కు ఒకటి ఉండేది. తుక్కు కింద పోవలసినదాన్ని తెచ్చి, రెండేళ్లపాటు శనాదివారాలన్నీ దాని కిందే పడుకుని బాగుచేసి, ఆకుపచ్చ రంగు వేయించాడు. పెళ్లినాటి ఫొటో ఎక్కడుందో ఆయనకు తెలియదు, ఆ ట్రక్కు ఫొటో మాత్రం పర్సులో ఉండేది. అలాంటి ట్రక్కుకు ఇప్పుడు గండం వచ్చిపడింది. పోయిన వేసవిలో అద్దె ట్రెయిలర్ తగిలించుకుని వెళ్తే, హైవే మీద దాని వెనక భాగం అటూ ఇటూ ఊగి ట్రక్కును కూడా ఊపేసింది. భార్య పద్మిని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇంటికి చేరింది.

"ఈసారి ఒక్కసారి ఊగినా సరే, సోమవారం పొద్దున్నే దీన్ని అమ్మకానికి పెట్టేయాలి. ఒప్పుకుంటేనే ఎక్కుతాను," అంది పద్మిని.

ఆదిశేషు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక నాలుగు నెలలు కంటిమీద కునుకు లేకుండా పనిచేశాడు. ట్రెయిలర్ తగిలించే హుక్కును బంపర్‌కి కాకుండా ఛాసిస్‌కే బోల్టులతో బిగించాడు. ఈసారి సొంతంగా కొన్న ట్రెయిలర్‌కి విడిగా కరెంటు బ్రేకులు, ట్రక్కు పక్కలకు వెడల్పాటి అద్దాలు, హుక్కు ఊడినా బండి విడిపోకుండా కింద రెండు గొలుసులు పెట్టించాడు. అన్నిటికంటే ముఖ్యమైనది ముక్కు బరువు. ట్రెయిలర్ మొత్తం బరువులో ఎనిమిదో వంతు దాని ముక్కు మీద, అంటే ట్రక్కు హుక్కు మీద పడాలి. ముందు తేలికై వెనక బరువైతే ఊపు తప్పదు. అందుకే రెండు బియ్యం బస్తాలు, దోసెపిండి రుబ్బే గ్రైండర్, ఇనప టూల్‌బాక్సు తనే మోసి ట్రెయిలర్ ముందు భాగంలో సర్దాడు. గురువారం పొద్దున్న ఆఫీసుకి వెళ్లేముందు బరువంతా ఒక్కసారే పడకుండా బాత్రూమ్ కాటా మీద దుంగ అడ్డం వేసి, లెక్కగట్టి తూచాడు. మూడువందల అరవై పౌండ్లు, సరిగ్గా ఎనిమిదో వంతు. ఆ రోజు ఆఫీసులో ఎవరి వెల్డింగూ తిరగ్గొట్టలేదు.

శుక్రవారం సాయంత్రం మళ్లీ తూచాడు. రెండువందల పది.

ముందు కాటాను అనుమానించాడు. తను ఎక్కి చూస్తే ఎప్పటి బరువే చూపించింది. తర్వాత దుంగను, ఆ తర్వాత తన లెక్కను అనుమానించాడు. చివరికి ట్రెయిలర్ తలుపు తెరిచాడు. బియ్యం లేవు, గ్రైండర్ లేదు, టూల్‌బాక్సు లేదు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తాళానికి చెవులు రెండే, ఒకటి తన జేబులోది, రెండోది పద్మినిది.

చప్పుడు కాకుండా ఇంట్లోకి వచ్చేసరికి, పద్మిని వంటింట్లో ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"సామానంతా మీ గరాజ్‌లో భద్రంగానే ఉందిగా శారదా? ... లేదులే, ఆయనకి ఏం డౌట్ రాలేదు. వస్తే ఇంకేమైనా ఉందా."

శారద రెండు వీధుల అవతల ఉంటుంది. ఆమె భర్త డాక్టర్ హరనాథ్. ట్రక్కు చూసినప్పుడల్లా, "గురూ, అమ్మే ఉద్దేశం ఉంటే ముందు నాకు చెప్పు," అనేవాడు. ఇప్పటికి మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ ఆదిశేషు నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ నవ్వులన్నీ వెనక్కి తీసుకున్నాడు. చిక్కుముడి అంతా విడిపోయింది. ముందు బరువు మాయం చేస్తారు, ట్రెయిలర్ ఊగుతుంది, ట్రక్కు సోమవారం అమ్మకానికి వస్తుంది, హరనాథ్ చెక్కుబుక్కుతో వస్తాడు. ఇందులో కట్టుకున్న భార్య చేయి కూడా ఉంది. ఆయనకు కోపం కంటే బాధే ఎక్కువ కలిగింది.

అడిగితే జాగ్రత్తపడతారు. కాబట్టి అడగలేదు.

శనివారం తెల్లవారగానే మంకీ క్యాప్ పెట్టుకుని, ట్రక్కు ఒక్కటే తీసుకుని హరనాథ్ ఇంటికి వెళ్లాడు. హరనాథ్ కారు లేదు, ఆస్పత్రి డ్యూటీలో ఉన్నట్టున్నాడు. గరాజ్ తలుపుకి తాళం వేయలేదు. లోపల ఒక మూల తన సొత్తంతా వరసగా ఉంది. గ్రైండర్‌కి పసుపు, కుంకుమ కూడా పెట్టారు. దొంగసొత్తుకు బొట్టెందుకో ఆదిశేషుకు బోధపడలేదు, ఆగి ఆలోచించే తీరికా లేదు. అన్నీ మోసుకొచ్చి ట్రక్కులో వేసుకుని, ఇంటికి తెచ్చి, ట్రెయిలర్‌లో ఎక్కడివక్కడ సర్ది, మళ్లీ తూచాడు. మూడువందల అరవై. పద్మిని లేచేసరికి ఆయన ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతున్నాడు.

తొమ్మిదింటికి ట్రక్కు కదిలింది.

"ఏమండీ, ఒక్క రెండు నిమిషాలు శారద ఇంటి దగ్గర ఆపండి," అంది పద్మిని.

"ఎందుకు?"

"చిన్న పనుంది."

"ట్రెయిలర్‌తో ఆ వీధిలో తిరగడం కుదరదు," అని ఆదిశేషు తిన్నగా పోనిచ్చాడు.

"ఆగకపోతే కుదరదండీ. నా మాట వినండి."

"ఆ పనేంటో చెప్పు, ఆపుతాను."

పద్మిని చెప్పలేదు. ఆదిశేషు ఆపలేదు. హైవే ఎక్కారు. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినా ట్రెయిలర్ గీత గీసినట్టు వచ్చింది. పద్మిని అద్దంలో వెనక్కి చూస్తూనే ఉంది. దొంగ దొరికిపోయాక ఇలాగే దిక్కులు చూస్తాడని ఆదిశేషు అనుకున్నాడు. అంతలో వెనక ఎర్రదీపం తిరుగుతూ సైరన్ వినపడింది.

పక్కకు తీసి ఆపాడు. పొడుగాటి పోలీసు ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. తెల్లవారగానే శారద ఎదురింట్లో ఒకావిడ మేడమీది కిటికీలోంచి చూసిందట. ముసుగు మనిషి ఒకడు గరాజ్‌లో జొరబడి సామాను ఎత్తుకుపోయాడట. వచ్చింది పాత ఆకుపచ్చ ట్రక్కులోనట. ట్రెయిలర్ తెరిపించి, లోపల బియ్యం, టూల్‌బాక్సు, బొట్టు పెట్టిన గ్రైండర్ చూసి, "ఇవి ఎవరివి?" అన్నాడు.

"మావే," అన్నాడు ఆదిశేషు.

"మీ సామాను మీరే దొంగతనం చేశారా?"

"నేను చేయలేదు. ముందు మా ఆవిడ చేసింది."

పద్మిని ట్రక్కు దిగి వచ్చి గ్రైండర్ వైపు చూసింది. ఆమె మొహం పాలిపోయింది. పోలీసుకు తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. సముద్రం తూర్పున ఉంది. శనివారం తూర్పు ప్రయాణం పనికిరాదు. గురువారం పదీ నలభైకి మంచి ముహూర్తం ఉంది. ఆ వేళకి సామాను ఇల్లు కదిలి వేరే ఇంట్లో ఉంటే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. దాన్ని పరస్థానం పెట్టడం అంటారు. తర్వాత ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు, దారిలో ఆగి సామాను తీసుకుంటే సరి.

"అయితే ఈ యంత్రం గురువారమే బయల్దేరింది," అన్నాడు పోలీసు జాగ్రత్తగా.

"అవును."

"మరి ఇవాళ మీ ఇంటినుంచి ఎలా వస్తోంది?"

పద్మిని భర్త వైపు తిరిగింది. "నేనూ అదే అడుగుతున్నాను."

"పరస్థానానికి ఒక చేతిసంచీ చాలదా?" అన్నాడు ఆదిశేషు.

"పోయినేడు చేతిసంచీయే పెట్టాను. ఏమైందో చూశారుగా. అందుకే ఈసారి బరువైనవన్నీ పెట్టాను. చెప్తే నవ్వుతారని చెప్పలేదు. అసలు మీరేం అనుకుని తెచ్చారు?"

ఆయన ఏమనుకున్నాడో ఆమెకు అర్థమైంది. ఆమె చూసిన చూపు పోలీసు కూడా తట్టుకోలేక, వెళ్లి హుక్కును, గొలుసులను, బ్రేకుల తీగలను పరీక్షించాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత పద్ధతిగా కట్టిన ట్రెయిలర్ చూడలేదన్నాడు. పద్మిని కూడా, తను చూసినంతసేపూ అది ఒక్క అంగుళం ఊగలేదని ఒప్పుకుంది. ట్రక్కు అమ్మక్కరలేదంది. ఆదిశేషుకు కళ్లు చెమర్చాయి.

"కానీ పరస్థానం ఇంటికి తిరిగొచ్చింది కాబట్టి ఈ ప్రయాణం చెల్లదు. మళ్లీ మంచిరోజు బుధవారం. ఇప్పుడు వెనక్కి తిప్పండి," అంది.

"మన ఇంటికా?"

"మీరున్న ఇంట్లో పెడితే మళ్లీ ఏం మోసుకొస్తారో. ఈసారి బుధవారం ముహూర్తానికి ట్రక్కు, ట్రెయిలర్ కలిపే శారద ఇంట్లో పరస్థానం పెడుతున్నాను."

పోలీసు దగ్గరుండి దారి చూపించాడు. పది గంటల నలభై నిమిషాలకు ఆకుపచ్చ ట్రక్కు హరనాథ్ ఇంటి ముందు ఆగింది. డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన హరనాథ్ నోరు తెరుచుకుని దాన్ని చూస్తుంటే, పద్మిని తాళంచెవులు శారద చేతిలో పెట్టింది.

బుధవారం దాకా ఆదిశేషు రోజుకు రెండుపూటలా వెళ్లి తన ట్రక్కును చూసి వచ్చాడు, కాలింగ్ బెల్ కొట్టి.