పై గ్రూపా, కింది గ్రూపా?

ఆ రోజు పొద్దున సెంటినరీ కాలనీలో కంపెనీ బస్సు ఎక్కేటప్పటికే గిడియోన్‌కు కాలు ఒక చోట నిలవడం లేదు. అతను ఓపెన్‌కాస్ట్ గని ఆఫీసులో గుమాస్తా. ఆ రోజు మేనేజర్ జగదీశ్వర్ సార్ పుట్టినరోజని ఆఫీసులో పక్క సీటు డెబోరా ముందు రోజే చెప్పింది. సార్‌కు తెలియకుండా కేకు తెప్పించి, ఆయన క్యాబిన్లోనే కోయించాలని గిడియోన్ పథకం. పోయిన ఎండాకాలం అతని తల్లికి వడదెబ్బ తగిలితే, ఎవరూ అడగకముందే తన జీపిచ్చి దవాఖానకు పంపించింది ఆ సారే. దండం పెట్టి ఒక మాట చెప్పబోతే, "ముందు డ్యూటీకి వెళ్లండి" అని గద్దించాడు. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆ గనిలో ఒక్కరూ లేరు.

అసలు చిక్కు కబురు పంపడం దగ్గర వచ్చింది. గిడియోన్‌కు కొత్త కంప్యూటర్ ఇచ్చారు గానీ, అందులో ఒక్కరి మెయిల్ అడ్రసూ లేదు. అన్నీ డెబోరా కంప్యూటర్లో ఉన్నాయి. ఆమె వాటిని రెండు గ్రూపులు చేసి పెట్టుకుంది. 'మనోళ్లు' అంటే ఆఫీసు గదిలో కూర్చునేవాళ్లు. 'అందరు' అంటే గనితో సంబంధమున్న ప్రతి ప్రాణీ.

"అక్కా, నీ గ్రూపులు నా దాంట్ల ఎక్కియ్యరాదు? ఒక్కొక్కటి కొట్టుకుంట కూసుంటే సార్ రిటైరే అయితడు."

"పెన్‌డ్రైవ్ ఇటియ్యి. గింత దానికి ఫికరెందుకు?"

గ్రూపులైతే ఎక్కాయి. తెలుగులో ఉన్న పేర్లు మాత్రం కొత్త కంప్యూటర్‌కు అంతుబట్టలేదు. ఒక గ్రూపు పేరూ ప్రశ్న గుర్తులే, రెండో గ్రూపు పేరూ ప్రశ్న గుర్తులే.

"అక్కా, మనోళ్లది పైదా, కిందిదా?"

డెబోరా తన తెర మీద చూసుకుని "పైదే" అంది. గిడియోన్ తెర మీద పైది కిందికీ కిందిది పైకీ మారాయని ఆమెకేం తెలుసు? కేకు తేవడానికి సంచి పట్టుకుని జల్ది జల్ది గోదావరిఖని ఆటో ఎక్కేసింది.

సార్ ఏ క్షణాన వెనక నిలబడి చదువుతాడోనని, పుట్టినరోజు మాట ఎక్కడా రాకుండా గిడియోన్ జాగ్రత్తగా రాశాడు: "ఇయ్యాల మూడు గంటలకు అందరు సార్ క్యాబిన్ కాడ జమ కావాలె. సార్‌కు తెల్వనియ్యద్దు. సార్ బయటికి పోకుండ కొమురెల్లి కాక తలుపు కాడ ఉంటడు. ఇన్నేండ్ల సంది ఎవ్వరు చెయ్యని పని మనం చేస్తున్నం."

కింద తన పేరు టైపు చేసి, పై గ్రూపుకు పంపాడు.

కాసేపటికే ఫోను మోగింది. ఒక యూనియన్ నాయకుడు రాయమల్లు.

"తమ్మీ, నీ మెయిల్ చూసిన. గుమాస్తాలల్ల గింత దమ్మున్నోడు ఉన్నడనుకోలే! మా షిఫ్టుకు షిఫ్టే దిగుతది."

సార్ మీద యూనియన్‌కు ఇంత ప్రేమా అని గిడియోన్ ఉబ్బిపోయాడు. "సంతోషమన్నా. కాని గంతమందికి ముక్కలు సరిపోవేమో."

రాయమల్లు గొంతు తగ్గించాడు. "తమ్మీ, ముక్కల దాక పోవద్దు. శాంతంగ చేద్దాం."

ఫోను పెట్టీ పెట్టకముందే పోటీ యూనియన్ బిక్షం. "ఆళ్లకు చెప్తవు, మాకు నోటితోని చెప్పవా? సరే, వస్తున్నం. డిమాండ్ ఏంది?"

"డిమాండేముంటదన్నా, సార్‌కు దగ్గరుండి తినిపియ్యాలె, గంతే."

"తినిపిద్దాం తమ్మీ, కడుపు నిండ తినిపిద్దాం," అన్నాడు బిక్షం పళ్లు కొరుకుతూ. ఎంత మంచి మనిషి అనుకున్నాడు గిడియోన్.

ఈసారి కేకు దుకాణం నుంచి డెబోరా. "కత్తి గూడ తేవాల్నా?"

"తే అక్కా, పెద్దదే తే. ఇయ్యాల సార్ ఎట్ల తప్పించుకుంటడో చూద్దాం!"

కూలర్ దగ్గర నీళ్లు తాగుతున్న సెక్యూరిటీ గార్డు గ్లాసు అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తాడు.

మూడు కావస్తుండగా గేటు ముందు సెక్యూరిటీ జీపులు ఆగాయి. వాటి వెనక కంపెనీ దవాఖాన అంబులెన్స్. కేకు తినడానికి అంబులెన్స్ ఎందుకా అని గిడియోన్‌కు మొదటిసారి అనుమానం వచ్చింది. పంపిన మెయిల్ తెరిచి ఎవరెవరికి పోయిందో చూశాడు. యూనియన్లు, సెక్యూరిటీ, దవాఖాన. వాటన్నిటికంటే పైన జగదీశ్వర్ సార్.

"ప్రభువా!" అంటూ క్యాబిన్ వైపు ఉరికాడు. తలుపు ముందు అటెండర్ కొమురెల్లి ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు.

"సార్ లోపలికెల్లి గొళ్లెం పెట్టుకున్నడు. బయటికెల్లి నేనున్న. ఎటూ పోడు, నువ్వు ఫికర్ చెయ్యకు."

అంతలోనే వరండా నిండిపోయింది. రెండు రంగుల జెండాలు, ఒకటే అరుపులు. ఎవరో గిడియోన్‌ను భుజాల మీదికి ఎత్తారు. "గిడియోన్ నాయకత్వం వర్ధిల్లాలి!"

"గది గట్ల కాదన్నా, దింపుండ్రి!" అని గింజుకుని కిందికి దూకి, తలుపుకు నోరు పెట్టి అరిచాడు. "సార్, కేకు సార్! ఒట్టి కేకు!"

"కేకలు వద్దు గిడియోన్ గారూ! మాట్లాడుకుందాం!" లోపలి నుంచి సన్నగా వినిపించింది.

గొళ్లెం కదిలింది. చొక్కా తడిసి ముద్దయిన జగదీశ్వర్ సార్ కాగితం ముందుకు పట్టుకుని బయటికొచ్చాడు.

"కమాన్‌పూర్‌కు ఆపేసిన రెండో షిఫ్టు బస్సు సోమవారం నుంచి మళ్లీ నడుస్తుంది. మీ మెయిల్ చూడగానే పైవాళ్లకు ఫోన్ చేశాను, ఒప్పుకున్నారు, నేను సంతకం పెట్టాను. దయచేసి కత్తులు మాత్రం వద్దు!"

ఎన్ని అర్జీలు పెట్టినా నాలుగు నెలలుగా కదలని బస్సు అది. రాయమల్లు బిక్షం చెవిలో అడిగాడు. "ఇయ్యాల బస్సు మీరడిగిండ్రా?"

"మీరే అడిగిండ్రనుకున్నం."

మరుక్షణం పైకప్పు రేకులు అదిరేలా చప్పట్లు. ఆ సందట్లో డెబోరా నెత్తి మీద అట్టపెట్టె, చేతిలో కత్తితో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. గార్డు ఒక్క దూకు దూకి కత్తి లాక్కున్నాడు. అది ప్లాస్టిక్‌ది. పెట్టె మూత లేచింది. 'హ్యాపీ బర్త్‌డే జగదీశ్వర్ సార్' అని గులాబీ రంగు అక్షరాలు.

సార్ కేకు వైపు చూశాడు, జెండాల వైపు చూశాడు, చివరికి గిడియోన్ వైపు చూశాడు. సస్పెన్షన్ ఖాయమనుకున్న గిడియోన్ చేతులు జోడించాడు.

"మా అమ్మ ఇయ్యాల బతికున్నదంటే మీ వల్లనే సార్. చెప్తే మీరు ఇనరు. గందుకని కేకు తెప్పిచ్చిన. మెయిల్ తప్పు గ్రూపుకు పోయింది."

సార్ చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను పుట్టింది దసరా ముందు," అన్నాడు. "ఈ తేదీ బళ్లో వేసేటప్పుడు మా అయ్యవారు రాసుకున్నది."

ఆ మాట అంటుండగానే ఆయన భుజాలు కదలడం మొదలైంది. అంబులెన్స్ డాక్టరు కంగారుగా ముందుకొచ్చాడు. సార్ నవ్వుతున్నాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా, కొమురెల్లి కాక భుజం పట్టుకుని మరీ నవ్వాడు. కేకు ముక్కలు ముక్కలై వరండా అంతా తిరిగింది. మొదటి ముక్క సార్ గిడియోన్ నోట్లో పెట్టాడు.

సాయంత్రం రెండు యూనియన్లూ బస్సు తమ పోరాట ఫలితమేనని వేర్వేరుగా పత్రికలకు ప్రకటనలిచ్చాయి. ఏ ప్రకటనలోనూ కేకు ఊసు లేదు.