మంత్రిగారి మోకాలిచిప్ప

గిరిజన సోదరుల కష్టాలు కళ్లారా చూడటానికి అడవిలో ఇరవై కిలోమీటర్ల పాదయాత్ర చేస్తానని మంత్రి వెంకటరామారావుగారు ప్రకటించారు. అన్నట్టే, రెండేళ్లుగా పెట్టెలో ఉన్న ఎక్స్‌రే మిషన్‌కు కొత్తవాగు దవాఖానాలో రిబ్బను కత్తిరించి, అక్కడినుంచి బయలుదేరారు. రెండు ఫర్లాంగులు అమోఘంగా నడిచారు. మూడో ఫర్లాంగులో బురద కనబడగానే కుడి మోకాలు పట్టుకుని కూర్చున్నారు. ప్రజల కోసం ఇంత జల్దీగా గాయపడిన నాయకుణ్ణి ఆ తాలూకా ఎన్నడూ ఎరగదు.

ఆయన్ను జీపులో వెనక్కి తెచ్చేసరికి ఎక్స్‌రే ఆపరేటర్ చెంచురామయ్య బల్ల మీద మొదటి రోగి పగిడయ్య ఉన్నాడు. తునికాకు మూట మోస్తూ బండ మీద జారిపడ్డాడు. అతనిదీ కుడి మోకాలే. వాచి గుమ్మడికాయంత అయింది.

"ఇరిగిందా సారూ?" అంది పెళ్లాం జంపక్క.

"ఫొటో కడగనీ అక్కా. చిప్ప పగిలితే జీపుల ఖమ్మం తోలి పిండికట్టు ఏపిస్తం. అందాక కాలు నేలకు ఆనియ్యద్దు. ఆనిస్తే ఇగ ఆ కాలు పనికి రాదు."

మంత్రిగారి మోకాలికీ ఫొటో తీసి, రెండు ఫిల్ములూ కడిగి తీగకు పక్కపక్కనే తగిలించాడు చెంచురామయ్య. పగిడయ్య చిప్ప మీద పగులు అడ్డంగా, స్పష్టంగా ఉంది. మంత్రిగారి మోకాలు మాత్రం భేషుగ్గా ఉంది. ఆ మాటే పీఏగారికి చెప్పాడు.

పీఏ ముఖం మాడిపోయింది. "తీవ్రగాయమని రేడియోలో చెప్పించేశానయ్యా. ఇప్పుడు రేడియో తప్పా, నీ మిషన్ తప్పా?"

"మిషన్ కొత్తది సార్."

"పక్కది ఎవరిది?"

"పగిడయ్యది. పగిలింది."

"బాగా పగిలింది. పేర్లు రాశావా?"

"ఆరినంక రాస్తం సార్."

"ఆరాయి. రాయి."

"ఆ మనిషిని ఖమ్మం తోలకపోతే కుంటోడైతడు సార్."

"నువ్వు ఉద్యోగం ఈ ఊళ్లోనే చేద్దామనుకుంటున్నావా?"

చెంచురామయ్యకు ముగ్గురు ఆడపిల్లలు. తనను తాను తిట్టుకుంటూ రాశాడు.

డాక్టరుగారు నిజాయితీపరుడు. ఫిల్ము చూడనిదే సంతకం చెయ్యడు. చూసి, పగిడయ్య పనికి పోవచ్చని సర్టిఫికేట్ రాసిచ్చాడు.

"నిలబడలేకున్నడు సారూ," అంది జంపక్క.

"భయం. ఫొటో అబద్ధం చెప్పదమ్మా."

తన ఫొటో చూసుకుని మంత్రిగారు చలించిపోయారు. పగిలిన చిప్పతోనైనా పాదయాత్ర పూర్తి చేసి తీరుతానని విలేకరుల ముందు శపథం పట్టారు. క్షణాల్లో వెదురుకర్రలకు దుప్పటి కట్టి డోలీ తయారుచేశారు. అయితే మంత్రిగారిని ఎవరు పడితే వారు మోయకూడదు, డాక్టరు సర్టిఫికేట్ ఉండాలన్నాడు పీఏ. ముగ్గురికి అప్పటికప్పుడు నాడి చూసి రాసిచ్చారు. నాలుగోవాడి దగ్గర కాగితం ముందే ఉంది.

"మా ఆయన నడవలేడు సారూ. నేను మోస్త," అంది జంపక్క.

"నీకు సర్టిఫికేట్ ఉందా?"

ఆమె చెంచురామయ్య వైపు చూసింది. అతను పీఏను చూసి, మిషన్ గదిలోకి వెళ్లిపోయాడు.

పగిడయ్యను లేపి ముందు కర్ర కింద నిలబెట్టారు. మంత్రిగారు డోలీలో కూర్చున్నారు. విలేకరులు కెమెరాలు ఎత్తారు.

"శుభమా అని బయలుదేరుతున్నాం. కుడికాలు ముందు పెట్టు," అన్నాడు పీఏ.

పగిడయ్య పెట్టాడు.

డోలీలో మంత్రిగారు మోకాలు పట్టుకుని మూలిగారు.