సమాధి దగ్గర లెన్సు

దోబ్రింకాకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. రంగెల్ తాగి రాడు, తిట్టడు, వండింది కాదనడు, కానీ ఏ పనికైనా ఎవరినైనా పిలుస్తామంటే చాలు, "నేను లేనూ?" అంటాడు. ఆ మాట అన్న ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి ఊడింది, పగిలింది, లేదా కింది వాటావాళ్ల కప్పులోంచి కారింది. కూతురు రాలిత్సా పెళ్లికి ఫోటోలు తీసేవాణ్ణి మాట్లాడదామన్నప్పుడు కూడా అదే మాట అన్నాడు.

పెళ్లి ఆదివారం. కొండ మీద పాత ప్రార్థనామందిరం, వాళ్ల వంటింటికన్నా పెద్దదేమీ కాదు. రంగెల్ తన పాత కెమెరా పట్టుకెళ్లి చూసొచ్చాడు. వీపు గోడకు ఆనించి నిలబడినా పెళ్లికూతురు పడితే పెళ్లికొడుకు పడడు, ఇద్దరూ పడితే పూజారి పడడు. అల్ట్రా వైడ్ లెన్సు ఉంటే తప్ప లాభం లేదు. కొత్తవి ఆ కెమెరాకు పట్టవు, పట్టేవి ఎవరి అటక మీదో దొరకాలి. ఊళ్లో ఫోటోగ్రాఫర్లందరూ అప్పటికే వేరే పెళ్లిళ్లకు కుదిరిపోయారు. రాలిత్సా తండ్రితో మాట్లాడడం మానేసింది.

చివరికి పక్క ఊరు విదిన్‌లో కామెన్ ఇలియెవ్ అనే అతను చవకగా ఇస్తానన్నాడు. "పొద్దున ఇంటికొచ్చెయ్యండి. నేను లేకపోతే కాస్త కూర్చోండి, వచ్చేస్తా," అన్నాడు శుక్రవారం రాత్రి ఫోన్లో. శనివారం పొద్దున్నే మొగుడూ పెళ్లాలు తమ ఊరు లోమ్‌లో బస్సెక్కారు. మధ్యాహ్నానికి లెన్సుతో తిరిగొచ్చి, సాయంత్రం మందిరంలో ఒకసారి సరిచూసుకోవాలని రంగెల్ పథకం. దారి పొడుగునా వాన. డాన్యూబ్ నది ఎక్కడుందో కనబడనంత మంచు.

కామెన్ ఇంటి తలుపు మీద ఎవరైనా పోయినప్పుడు అంటించే నల్ల అంచు కాగితం ఉంది. పైన కామెన్ ఇలియెవ్ అన్న పేరు, కింద ముప్పై ఏళ్లవాడి నవ్వుముఖం. ఆ కిందిదంతా వానకు కారి మరకైపోయింది.

"రాత్రి మాట్లాడాడే," అన్నాడు రంగెల్.

"పాపం, చిన్నవాడు," అంది దోబ్రింకా. వెంటనే, "మరి లెన్సో?" అంది.

"చావింట్లో లెన్సు అడుగుతామా? పద, పోదాం."

"పోయి రేపు గోడల ఫోటోలు తీస్తావా?"

ఇంతలో తలుపు తెరుచుకుంది. నల్ల తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ, చేతిలో పోయినవాళ్ల పేరున పంచే, తీపి కలిపి ఉడికించిన గోధుమల పళ్లెం. "రండి నాయనా, లోపలికి రండి. సమాధి దగ్గరికి బయల్దేరుతున్నాం. మా కామెన్ కోసమేగా?"

"ఆయన కోసమేనండీ," అన్నాడు రంగెల్. అందులో అబద్ధం లేదు.

ఆవిడ పేరు స్తోయాంకా. పోయినవాడికి నాయనమ్మ కాబోలనుకుంది దోబ్రింకా. "జబ్బేమైనా చేసిందా అవ్వా?"

"జబ్బేం లేదు తల్లీ. ముందు రాత్రి ఎంత బాగా కబుర్లు చెప్పాడో. తెల్లారకుండానే వానలో చేపలకని పోయి, తడిసొచ్చి పడిపోయాడు."

పొద్దున పోతే ఇంతలోనే సమాధా అని దోబ్రింకాకు అనుమానం వచ్చింది, కానీ అప్పటికి నోటి నిండా గోధుమలున్నాయి.

"మా కామెన్ నీకెట్లా తెలుసు?" అని స్తోయాంకా రంగెల్‌ను అడిగింది. లెన్సు అన్న మాట అతని గొంతుదాకా వచ్చి ఆగింది. గోడకు వేలాడుతున్న గాలం కంటబడింది. "చేపలకి కలిసి వెళ్లేవాళ్లమండీ," అన్నాడు.

గదిలో ఉన్న చుట్టాలూ ఇరుగుపొరుగూ అతని వైపు తిరిగారు.

"నువ్వేనా," అంది స్తోయాంకా. "ఎవరితో పోతున్నావయ్యా అంటే స్నేహితుడన్నాడు, పేరు చెప్పలేదు. ఆ వానలో మనిషిని నదికి లాక్కుపోయింది నువ్వేనా?"

పక్కింటి మెతోది అనే మీసాలాయన రంగెల్ చొక్కా పట్టుకున్నాడు. "ఈ గడప తొక్కడానికి సిగ్గులేదూ?"

"నేనేనండీ," అన్నాడు రంగెల్.

"ఎందుకు ఒప్పుకున్నావు?" అని దోబ్రింకా చెవిలో గొణిగింది.

"ఎవరో ఒకరు ఒప్పుకుంటే ఆవిడ మనసు తేలికపడుతుంది కదా. నేను లేనూ?"

శ్మశానం దాకా, సమాధి దగ్గర పంచే సారా క్యాను అతని చేతే మోయించారు. అందరికన్నా ముందు నిలబెట్టారు. పూజారి వానలో ధూపం ఊపి ఊపి, పొగ రాక మానుకున్నాడు. "ఇప్పుడు చెప్పు. నాకు కాదు, ఆయనకు చెప్పు," అంది స్తోయాంకా.

రంగెల్ టోపీ తీశాడు. "కామెన్, తమ్ముడూ..."

తమ్ముడేమిటని ముసలివాళ్లు మొహాలు చూసుకుంటుండగా అతని జేబులో ఫోను మోగింది. ఫోను మీద కామెన్ ఇలియెవ్ అని ఉంది. ఎదురుగా సిలువ మీదా అదే ఉంది.

"ఎత్తు," అంది దోబ్రింకా.

"ఎట్లా ఎత్తను? ఎక్కణ్ణించి చేస్తున్నాడో చూడు."

ఆవిడే లాక్కుని నొక్కింది. "రంగెల్ గారూ, ఇంటికొచ్చారా? శ్మశానంలో ఉన్నానండీ, కొంచెం ఆలస్యమవుతుంది," అన్న గొంతు ఫోన్లోంచీ వినబడింది, సమాధికి అటువైపు గొడుగు కిందనుంచీ వినబడింది.

పోయింది తాత. పోయి ఇవాళ్టికి ఆర్నెల్లయింది, ఆ స్మరణకే కాగితం మళ్లీ అంటించారు. అమ్ముతానన్నది అదే పేరు పెట్టుకున్న మనవడు. ముసలితనంలో పోయినవాళ్ల కాగితం మీద కూడా పడుచుతనపు ఫోటో వేయడం అక్కడ మామూలే. రంగెల్ తన తండ్రికీ అలాగే వేయించాడు.

"అయితే మా ఆయనతో చేపలకి పోలేదా నువ్వు?" అంది స్తోయాంకా.

"లేదమ్మా."

"మరి ఇన్ని తిట్లు ఎందుకు తిన్నావు?"

"లెన్సు అడగడానికి సిగ్గేసింది. రేపు మా అమ్మాయి పెళ్లి."

ఎవరూ నవ్వలేదు. మనవడే జాలిపడి కోటు జేబులోంచి లెన్సు తీశాడు. "మీ బస్సుకు టైమవుతుంది. సరిపోతుందేమో ఇక్కడే చూసుకోండి."

రంగెల్ సంచీలోంచి కెమెరా తీసి, లెన్సు బిగించి కన్ను ఆనించాడు. పూజారి, సిలువ, గొడుగులు, స్తోయాంకా, అందరూ అందులో పట్టారు. ఇంకా చోటు మిగిలింది. "మందిరమంతా పడుతుంది," అన్నాడు దోబ్రింకాతో. తర్వాత కెమెరా దించకుండానే, "ఆ చివర మీసాలాయన గేటు వైపు పోతున్నారు. ఏడుస్తున్నట్టున్నారు," అన్నాడు.

అందరూ అటు తిరిగారు. మెతోది ఆగిపోయాడు. టోపీ తీసి నలుపుతూ వెనక్కి వచ్చాడు.

"వదినా, ఆ రోజు తీసుకెళ్లింది నేను. వాన పడుతోంది, వద్దురా అన్నాడు. వినకుండా పోరింది నేనే. ఆర్నెల్లుగా రోజూ చెబుదామనుకుని కట్టెలు కొట్టిచ్చి పోతున్నా. తప్పు నాది."

స్తోయాంకా పళ్లెంలో మిగిలిన గోధుమలు అతని దోసిట్లో పోసింది. రంగెల్ లెన్సు ధర లెక్కపెట్టి మనవడి చేతిలో పెట్టాడు; బేరమాడమని ఆ ఒక్కసారికి దోబ్రింకా కూడా మొగుణ్ణి మోచేత్తో పొడవలేదు.