సిమెంటు టేకు

అసలు కట్టెకంటే కట్టెలా కనిపించే సిమెంటే మేలు! అనుమానముంటే బోధన్ దగ్గర మా ఊరికి రండి, కొత్త లైబ్రరీ చూపిస్తాను.

పాతది టేకు దూలాల మీద పెంకులు కప్పిన గది. మే నెలలోనూ చల్లగా ఉండేది. చల్లగా ఉంటే ఏమవుతుంది? ఆడపిల్లలమంతా అక్కడ చేరి చదువుతాం. మరి ఇంట్లో బీడీలెవరు చుట్టాలి?

అందుకే కూల్చేశారు. పర్యావరణం కోసం గ్రీన్ బిల్డింగ్ కడతామన్నారు. మాటంటే మాటే! కట్టి, ఆకుపచ్చ రంగు వేశారు.

లైబ్రరీ ఊడ్చే హన్మవ్వ కాంట్రాక్టర్ భానుప్రసాద్‌ను అడిగింది: "మరి కట్టె ఏది బిడ్డా?"

"గా పిల్లర్లు సూడవ్వా! అచ్చం టేకు లెక్క లేవా?"

ఉన్నాయి. సిమెంటుకు బ్రౌన్ రంగేసి, తడి మీద దువ్వెనతో చారలు గీశారు. పాపం, చెదలు మోసపోయి వచ్చి ఆకలితో తిరిగిపోతున్నాయి!

టేకు చెట్టు కొడితే ఇంకోటి నాటుకోవచ్చు. అట్లా మళ్లీ మళ్లీ మొలిచేదానికి విలువేముంటుంది? సిమెంటును చూడండి. క్యూరింగ్ పేరుతో రోజూ నీళ్లు పోసినా ఒక్క ఆకు వేయదు. ఎంత నిగ్రహం!

ప్రారంభం రోజున హన్మవ్వ అలవాటు కొద్దీ గడప కడిగి పసుపు రాసింది. దానికి అతికించిన టేకు చారల స్టిక్కర్ ఆమె అరచేతికి అంటుకుని వచ్చేసింది.

"అయ్యో, కడప తోలు ఊసిపోయింది!"

"గా స్టిక్కర్ నీళ్లకు ఆగుతది గని పసుపుకు ఆగదవ్వా. ఎవలు రాయమన్నరు నిన్ను?" అన్నాడు భానుప్రసాద్.

చూశారా, పసుపు కూడా ఆదా!

ఇప్పుడు పొద్దున పది దాటితే స్లాబు కింద పుస్తకాలు తప్ప ఎవరూ కూర్చోలేరు. వాటికి చెమట పట్టదు. మాకే పాలిసెట్ దగ్గరపడింది.

పాత దూలాల గురించి బెంగ వద్దు. క్షేమంగా నిజామాబాద్ చేరి, ఒక ఇకో కేఫ్ కప్పు మోస్తున్నాయి. మొన్న నా దోస్తు నిఖితా నేనూ వెళ్లి వాటి కింద కూర్చుని మ్యాథ్స్ పుస్తకం తెరిచాం. ఏం చల్లదనం! లెక్క సగంలో ఉండగానే ఒకతను వచ్చాడు.

"ఏం తీసుకుంటరు మేడమ్?"

"ఏం వద్దన్నా. జరసేపు చదువుకుంటం."

"చదువుకునేటందుకు మీ ఊర్ల లైబ్రరీ లేదా?"

నిఖిత తలెత్తి దూలాల వైపు వేలు చూపించింది.

"గిదేనన్నా."