వీధిలో పడ్డ పరుపు

బుధవారం పది గంటలలోపు ఇంట్లో నల్లులన్నిటినీ చంపేసి, పదకొండింటికల్లా పప్పుకు పోపు వేసుకోవాలని సూర్యకళ అనుకుంది. నల్లులను ముందురాత్రే చూసింది. గురువారం ఇల్లు కడిగి ఆరబెట్టాలి. శుక్రవారం ఆత్రేయపురం నుంచి కూతురు దుర్గాశ్రీ తొలి పురిటికి వస్తోంది. ఏడో నెల. రక్తం తక్కువగా ఉందని, తొమ్మిది దాటలేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ తొమ్మిదిలోంచి నల్లులు ఎంత తాగుతాయో, మిగిలింది రెండు ప్రాణాలకు ఎలా సరిపోతుందో తలచుకుని సూర్యకళకు తెల్లవార్లూ కునుకు పట్టలేదు.

అంతకన్నా పెద్ద భయం మరొకటి ఉంది. ఈ సంగతి వియ్యపురాలు సంపూర్ణమ్మ చెవిన పడితే పిల్లను పంపదు. వాళ్ళింట్లో మంచినీళ్ళ గ్లాసును కూడా రెండుసార్లు కడుగుతారు. నల్లుల కొంపకు మా కోడలిని పంపమంటారా అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు, తొలి పురుడు అత్తవారింట్లోనే జరిగిపోతుంది. ఇక పుట్టింటివాళ్ళు బంధువుల్లో తలెత్తుకోనక్కర్లేదు.

ఇవన్నీ చెబితే భర్త గంగరాజు తాపీగా అరటిపండు వలుచుకుంటూ, "నల్లులే కదే, పులులు కావుగా" అన్నాడు.

"పులైతే ఒక్కటే వస్తుందండి. కళ్ళకి కనబడుతుంది కూడా," అంది సూర్యకళ.

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఈ మనిషి దేనికీ భయపడలేదు. అందుకే ఇద్దరి భయమూ తానొక్కతే పడవలసి వస్తోంది. అయినా ఆఫీసుకు వెళ్ళేముందు ఆయన తన తల్లి అచ్చాయమ్మ పరుపునూ దిండునూ మోసుకెళ్ళి వీధిలో గోడవారన పడేశాడు. నల్లుల పుట్ట ఆ పరుపేనని తేలింది మరి.

రాజమండ్రిలో వాళ్ళుండే అద్దె ఇంటికి పెరడు లేదు. సూర్యకళ వాకిట్లోనే మూడు ఇటుకలు పేర్చి, గుండిగతో నీళ్ళు కాచింది. మంచం కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పొయ్యకపోతే గుడ్లు చావవట. తరువాత గదుల్లో మందు కొట్టాలి. డెబ్బై ఎనిమిదేళ్ళ అత్తగారికి ఆ ఘాటు ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకేమన్నా ఉందా అని, ఆవిడను వీధి అరుగు మీద చాప వేసి పడుకోబెట్టింది. జాగ్రత్త కోసం రెండు ముక్కుల్లోనూ దూది పెట్టింది. ఈగలు వాలకుండా గడ్డం దాకా తెల్లదుప్పటి కప్పింది. అప్పటికే దగ్గుమందు తాగి ఉన్న అచ్చాయమ్మ చిటికెలో నిద్రపోయింది.

పక్కింటి పాపాయమ్మ కూరలు కొనుక్కుని వస్తూ గేటు దగ్గర ఆగింది. వీధిలో పరుపు చూసింది. వాకిట్లో పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు చూసింది. అరుగు మీద చాపను, దుప్పటిని, దూదిని చూసింది. శవానికి స్నానం చేయించడానికి తప్ప వాకిట్లో పొయ్యి పెట్టి ఎవరూ నీళ్ళు కాచరు. ఇలాంటప్పుడు ఏమైందని అడగకూడదు కూడా. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

లోపలినుంచి వచ్చిన సూర్యకళ కళ్ళు మందు ఘాటుకు ఎర్రబడి ధారలుగా కారుతున్నాయి. పాపాయమ్మ చూపు పరుపు మీదే ఉండడం చూసి, ఇక దాచి లాభం లేదనుకుంది.

"మీ కంట పడ్డాక దాచేదేముంది పిన్నిగారూ. మా ఆత్రేయపురం వాళ్ళకి మాత్రం తెలియనివ్వకండి. శుక్రవారం పిల్లొచ్చేస్తుంది. ఈలోగా ఎవరికీ అనుమానం రాకుండా అంతా శుభ్రం చేసేస్తాను."

పాపాయమ్మ గేటు వదిలి రెండడుగులు వెనక్కి వేసింది. ఇంట్లో చావును దాచిపెట్టి, మైల గడపలోకి ఏడో నెల పిల్లను తెచ్చుకుంటారా? సూర్యకళ అంటే ఆవిడకు అభిమానమే, కానీ ఇది కడుపులో బిడ్డ సంగతి. తెలిసీ ఊరుకుంటే ఆ పాపం తనకే చుట్టుకుంటుంది. కూరల సంచీతోనే వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి, రెండు ఫోన్లు చేసింది. మొదటిది ఆత్రేయపురం. రెండోది గంగరాజు ఆఫీసు. కన్నకొడుక్కైనా చెప్పారో లేదోనని ఆవిడకు అనుమానం వచ్చింది.

సూర్యకళ ముక్కుకు గుడ్డ కట్టుకుని మిగతా గదుల్లో గంటకు పైగా మందు కొట్టి బయటికి వచ్చేసరికి వాకిట్లో పాతికమంది ఆడవాళ్ళు నేలమీద కూర్చుని ఉన్నారు. ముందు భయం వేసింది. తరువాత ఒళ్ళు మండింది. నల్లులు ఎవరింట్లో పడవు? పనులు మానుకుని చూడడానికి రావాలా? ఇదేమైనా ఎగ్జిబిషనా? అడిగేద్దామనుకునేలోగా ఒకావిడ లేచి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని గుండె రాయి చేసుకోమంది. ఎంతటివాళ్ళకైనా ఇది తప్పదని ఇంకొకావిడ కళ్ళొత్తుకుంది. నల్లులకు ఇంత పరామర్శ ఉంటుందని సూర్యకళకు తెలియదు. పాపం, మంచివాళ్ళేనని సర్దుకుంది.

సర్దుకున్న కాసేపటికే గేటు ముందు ఆటో ఆగి సంపూర్ణమ్మ దిగింది. చేతిలో పూతరేకుల డబ్బా లేదు. డబ్బా లేకుండా ఆవిడ ఈ ఇంటికి రావడం ఇదే మొదలు. తెలిసిపోయింది, అంతా అయిపోయిందనుకుంది సూర్యకళ.

సంపూర్ణమ్మ లోపలికి అడుగు పెట్టలేదు. గేటు అవతలే నిలబడింది.

"మా దగ్గర దాచాలనుకోవడం ఏం బాగాలేదు వదినగారూ. అమ్మాయిని ఏడాది దాకా ఈ గడప తొక్కనివ్వం. పురుడు మా ఇంట్లోనే."

నల్లులకు ఏడాది శిక్షా అని సూర్యకళ నోరు తెరిచేలోగా, ఆఫీసు స్నేహితుడి స్కూటర్ మీదినుంచి గంగరాజు దూకాడు. పని మీద బయటికి వెళ్ళి ఉండడంతో కబురు ఆలస్యంగా అందింది. చేతిలో బంతిపూల దండ. తల్లి ఉప్మా రెండోసారి వడ్డించుకోవడం పొద్దున్న కళ్ళారా చూసి వెళ్ళినవాడే. పరుపును వీధిలో పడేసింది కూడా తానే. అవేవీ గుర్తు రాలేదు. భోరున ఏడుస్తూ చాప మీద పడి, తల్లి మెడలో దండ వేశాడు.

అచ్చాయమ్మ కళ్ళు తెరిచి, ఒక ముక్కులోంచి దూది తీసుకుంది.

"ఆఫీసు లేదేంట్రా ఇవాళ?"

వాకిట్లో సగంమంది గేటు దాకా పరిగెత్తారు. మిగతా సగం కూర్చున్నచోటే రామనామం అందుకున్నారు. అందరికన్నా ముందు తేరుకున్నది పాపాయమ్మే. పోయిన ఊపిరి తిరిగి వచ్చిందని, గండం గడిచిందని, తన మేనత్తకూ అచ్చం ఇలాగే జరిగిందని నలుగురికీ చెప్పింది.

సూర్యకళకు అప్పటికి సంగతి అర్థమైంది. పాపాయమ్మ మాటకు తల ఊపితే చాలు, నల్లుల గొడవ బయటపడదు. ఊపబోయింది కూడా. అంతలో సంపూర్ణమ్మ, ఇవాళ వచ్చిన ఊపిరి రేపటికి ఉంటుందో ఉండదో, అది తేలేదాకా కడుపుతో ఉన్న పిల్లను పంపడం మంచిది కాదంది. ఎంత తొందరగా తేలాలేంటని అచ్చాయమ్మ చాప మీద లేచి కూర్చుంది.

సూర్యకళ ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పేసింది.

"ఆవిడకేం కాలేదు వదినగారూ. మా ఇంట్లో నల్లులు పడ్డాయి. పరుపు బయటేసింది అందుకే, నీళ్ళు కాచింది అందుకే. చచ్చినావిడ లేచి కూర్చుందంటే అందరూ నమ్ముతున్నారు గానీ, నల్లులు పడ్డాయంటే ఆడదాన్ని చులకనగా చూస్తారని ఇంతసేపూ నోరు నొక్కుకున్నాను. నేను చేసిన తప్పేంటండి? వాటిని నేను కన్నానా?"

వీధి వీధంతా విన్నది. గంగరాజు నేల చూపులు చూశాడు. సంపూర్ణమ్మ గేటు తీసుకుని లోపలికి వచ్చి, వియ్యపురాలి మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకు నడిపించింది.

"ఎన్ని మంచాలకి?" అంది గొంతు తగ్గించి.

"నాలుగింటికి."

"మాకు ఏడింటికీ. నెల్లాళ్ళుగా మీ అమ్మాయి పడక్కుర్చీలోనే పడుకుంటోంది. మీకు తెలిస్తే ఏమనుకుంటారో అని శుక్రవారం కోసం రోజులు లెక్కపెడుతున్నాం. ఇంతలో ఈవిడ పోయారన్నారు. ఏడాదిపాటు పిల్లని ఎక్కడ పడుకోబెట్టాలా అని బస్సులో నాకు అదే ఏడుపు."

గ్లాసులు రెండుసార్లు కడిగే ఇల్లు. డాక్టరమ్మ చెప్పిన ఆ తొమ్మిది ఎవరి చలవో సూర్యకళకు ఇప్పుడు బోధపడింది. అనవలసిన మాటలు గొంతు దాకా వచ్చాయి. కానీ సంపూర్ణమ్మ, ఇక శుక్రవారం దాకా ఎందుకు, ఈ సాయంత్రమే పంపించేస్తానంటోంది. మాటలన్నీ మింగేసి, తిని వెళ్ళమంది.

అన్నమాట ప్రకారం సాయంత్రం అయిదింటికి టాక్సీ వచ్చింది. సూర్యకళ గేటు దగ్గరే కూతురికి దిష్టి తీసి, కళ్ళ కింద నలుపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, పదిలంగా లోపలికి నడిపించింది. వెనక డ్రైవరు కారు పైన కట్టిన తాళ్ళు విప్పుతున్నాడు. పుట్టింటి పరుపు వీధిలో పడి ఉంది కదా, కడుపుతో ఉన్న పిల్ల కటిక నేల మీద ఎలా పడుకుంటుందని సంపూర్ణమ్మ ఎంతో అభిమానంగా తమ ఇంటి బూరుగుదూది పరుపు ఇచ్చి పంపింది.

పరుపు ఒంటరిగా రాలేదు.